పర్చూరు కవరులో తెల్లదోమ

ఒక ఆదివారం పొద్దున ప్రత్తిపాడు సెంటర్లో టీ తాగుతూ, నేను ఒకే ఒక్క మనిషి కోసం రాసిన ఉత్తరాన్ని ఒక మిరప రైతు పదిమంది మధ్య పేపర్లోంచి గట్టిగా చదువుతుంటే విన్నాను.

ఆయన ప్రతి ఆదివారం అలాగే చదివేవాడు. టీ హోటలుకి వచ్చే పేపరు ఒకటే. ఆయన గొంతు పెద్దది, కళ్ళజోడు కొత్తది. చుట్టూ బల్లల మీద పత్తి రైతులు, పురుగుమందుల కొట్టు గుమాస్తా, బస్సు కోసం చూసేవాళ్ళు. ఆయన ఆదివారం పేజీ మడత విప్పి మొదలుపెట్టాడు.

"గోల్కొండ కోటకి ఒక్కరే వెళ్ళకండి."

"ఏందయ్యా, దయ్యాలున్నయ్యా ఏంది?" అన్నాడు ఒకాయన.

"చదవనీరా ముందు. గుమ్మం కింద ఒకరు నిలబడి చప్పట్లు కొట్టాలి. కొండ మీద ఒకరు నిలబడి వినాలి. ఒక్కరే వెళ్తే ఆ కోట సగమే కనిపిస్తుంది." ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "బాగా రాశాడ్రా ఎవడో" అన్నాడు.

"ఎవడో ఏంది, ఈయనే గదా" అన్నాడు హోటలాయన నన్ను చూపించి. "అడుగున ప్రత్తిపాడు విలేకరి అని వేసుంటే కనపడలా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. ఆ వాక్యాలు నావే. మూడో పేరాలో లాడ్జి సంగతి వస్తుందని తెలుసు. అందులో రెండో వాక్యం ఏమిటో కూడా తెలుసు. అది చదివాక ఆ సెంటర్లో నేను మళ్ళీ టీ తాగలేను. అంతకంటే పెద్ద సంగతి, పర్చూరులో ఒక మాస్టారు ఇక బడికి వెళ్ళలేడు.

రైతు మూడో పేరాకి వచ్చాడు. స్టేషను దగ్గర లాడ్జీల గురించి మొదటి వాక్యం చదివాడు. తర్వాత మూడో వాక్యం చదివాడు. రెండోది లేదు.

ఇది జరిగి దాదాపు నలభై ఏళ్ళవుతోంది. తెల్లదోమ మా పత్తిని పీల్చేసిన ఏడాది అది, ఎనభైల మధ్యలో. ముందు సంగతులు చెప్పాలి.

నేను విజయవాడ నుంచి వచ్చే ఒక దినపత్రికకి ప్రత్తిపాడు విలేకరిని. అంతకు ముందు అదే పత్రిక హైదరాబాదు ఆఫీసులో రెండేళ్ళు ప్రూఫులు దిద్దాను. మధ్యాహ్నం దాకా ఖాళీ కాబట్టి ఆ నగరాన్ని కాళ్ళతో చదివాను. ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ బల్ల ఉంటుందో, ఏ తోటలో సాయంత్రం ఎవరు కూర్చుంటారో తెలుసుకున్నాను. మగవాణ్ణి ప్రేమించే మగవాడికి ఏ నగరంలోనైనా మొదట తెలియాల్సినవి అవే. ఈరోజు గే అంటే అందరికీ తెలుస్తుంది. ఆ రోజుల్లో మా ప్రాంతంలో ఉన్న మాటలన్నీ తిట్లే. అందుకని మేము ఏ మాటా వాడేవాళ్ళం కాదు.

మేము అంటే నేనూ, మాస్టారూ. ఆయన పర్చూరు మిషను బడిలో సైన్సు చెప్పేవాడు, చర్చిలో పాటల బృందంతో పాడేవాడు. పొయ్యి వేడికి పొగాకు ఆరబెట్టే బ్యారను ఒకటి తగలబడినప్పుడు ఆ వార్త మొదట నాకు పంపింది ఆయనే. పొయ్యి ఎక్కడుందో, గాలి ఎటు నుంచి వీచిందో చిన్న బొమ్మ గీసి మరీ పంపాడు. ఆ బొమ్మ చూసి మనిషిని చూడాలనిపించి బస్సెక్కాను. ఆ తర్వాత మూడేళ్ళు పర్చూరు వార్తలు నా ద్వారానే విజయవాడ వెళ్ళాయి. నేను వెళ్ళినన్ని సార్లకి సరిపడా వార్తలు అక్కడ లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అందరి ముందూ నేను ఆయన్ని మాస్టారూ అనేవాణ్ణి, ఆయన నన్ను విలేకరి గారూ అనేవాడు. ఎవరూ లేనప్పుడు కూడా అవే పిలుపులు. అలవాటు తప్పి ఎక్కడో ఒకచోట నోరు జారుతుందని మొదట జాగ్రత్తపడ్డాం. తర్వాత ఆ పిలుపులే ముద్దొచ్చాయి.

మా మధ్య ఉత్తరాలు పోస్టులో వెళ్ళేవి కాదు. పల్లెటూరి పోస్టాఫీసులో దస్తూరిని గుర్తుపట్టని మనిషి ఉండడు. విలేకరులకి ఇంకో దారి ఉండేది. పత్రికవాళ్ళు ఖాకీ రంగు కవర్లు ఇచ్చేవాళ్ళు. వాటి మీద ఎర్ర అక్షరాలతో ప్రెస్, అర్జంటు అని ఉండేది. వార్త రాసి, కవరులో పెట్టి, బస్సు కండక్టరు చేతికిస్తే, విజయవాడ బస్టాండులో పత్రిక డబ్బాలో వేసేవాడు. ఎవరూ విప్పేవాళ్ళు కాదు. దక్షిణానికి వెళ్ళే బస్సులో అలాంటి కవరే మాస్టారికి పంపేవాణ్ణి. పర్చూరులో సోడా కొట్టాయన తీసుకుని బడికి పంపేవాడు. పత్రిక కవర్లని ఇలా వాడుకోవడం తప్పే. నాకున్న సర్కారు ముద్ర లాంటిది అదొక్కటే.

ఆ ఏడాది వానాకాలంలో మాస్టారికి ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది వాళ్ళ చర్చి పాస్టరు గారు. ఊళ్ళో అందరూ ఆయన్ని అయ్యగారనే పిలుస్తారు. పిల్ల నర్సు, బాపట్ల వైపు, మంచి మనిషి. దసరా సెలవులయ్యాక జవాబు చెబుతానని మాస్టారు గడువు అడిగాడు. ఆ సంగతి చెప్పడానికి ప్రత్తిపాడు వచ్చాడు. పత్తి చేల మధ్య డొంకలో నడుస్తూ చెప్పాడు.

"నువ్వేమంటావు?" అన్నాడు.

"నేనేమంటానో నీకు తెలుసు."

"తెలుసు. కానీ చూడలేదు. ఇద్దరు మగవాళ్ళు ఒకచోట బతకడం నేను ఎక్కడా చూడలా. మూడు రోజులైనా అట్లా ఉండి చూస్తే గాని అయ్యగారికి ఏం చెప్పాలో నాకు తెలవదు."

"హైదరాబాదు పోదాం. సెలవుల్లో."

ఆయన ఆగాడు. తెల్లదోమ పట్టిన ఆకు ఒకటి తుంచి, వెనక్కి తిప్పి చూశాడు. పాఠం చెప్పే ముందు పాఠ్య పథకం రాసుకోకుండా క్లాసులో అడుగుపెట్టని మనిషి ఆయన.

"రాసి పంపు" అన్నాడు. "ఎక్కడ దిగుతాం, ఏం చూస్తాం, ఎక్కడ కూర్చుంటాం, ఎవరన్నా అడిగితే ఏం చెబుతాం. అన్నీ. చదివి చెబుతా."

నేను నాలుగు రోజులు రాశాను. ప్రేమలేఖలు నాకు చేతకావు. చేతనైనదల్లా చూసింది చూసినట్టు రాయడం. చార్మినారు మెట్లు ఇరుకు, ఆయాసం ఉన్నవాడు ముందు ఎక్కాలి, వెనకవాడు తొందరపెట్టకూడదు అని రాశాను. మ్యూజియంలో గడియారం ముందు బెంచీల మీద పన్నెండింటికి పది నిమిషాల ముందే కూర్చోవాలి, చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొట్టేటప్పుడు అందరూ దాన్నే చూస్తారు, పక్కవాళ్ళని ఎవరూ చూడరు అని రాశాను. ఇరానీ హోటల్లో రాతి బల్ల దగ్గర ఒక టీతో గంట కూర్చున్నా లేవమనరని రాశాను. చివరికి పదకొండు కాగితాలయ్యాయి, పత్రిక ఇచ్చిన న్యూస్‌ప్రింటు ముక్కలు.

తెల్లదోమ మీద ఆదివారం పేజీకి ఒక వ్యాసం పంపమని విజయవాడ డెస్కులో వార్తలు దిద్దేవాళ్ళు అడిగారు. అదీ ఆ వారమే రాశాను. అదీ పదకొండు కాగితాలే. బుధవారం సెంటర్లో హోటలు బల్ల మీద రెండు కట్టలూ మడిచి, రెండు కవర్లలో పెట్టి అంటించాను. అప్పుడే రెండు వైపులా బస్సులు వచ్చాయి. కండక్టర్లిద్దరూ అరుస్తున్నారు. చిరునామాలు సరిగానే రాశాను. లోపలివే మారిపోయాయి.

నాకు అది తెలియలేదు. గురువారం మాస్టారి నుంచి జవాబు రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం సాయంత్రానికి, రాడని నాకు నేనే చెప్పుకున్నాను. ఆదివారం పొద్దున టీకి వెళ్ళాను.

హోటల్లో వ్యాసం మొత్తం విన్నాక నాకొక పేపరు కొనుక్కుని, వేపచెట్టుకి సైకిలు ఆనించి, మాటమాటా చదివాను. నువ్వు అన్నచోటల్లా మీరు అని మార్చారు. మూడు వాక్యాలు తీసేశారు. ఒకటి, ఇద్దరు మగవాళ్ళు ఒకే గది అడిగితే గుమాస్తా తలెత్తి కూడా చూడడనేది. రెండోది, పబ్లిక్ గార్డెన్సులో సాయంత్రం అయిదు దాటాక మనలాంటివాళ్ళు కూర్చుంటారు, ఎవరూ ఎవరి పేరూ అడగరు అనేది. మూడోది చివరి వాక్యం, రాకపోతే మళ్ళీ అడగననేది. ఆ మూడే. పైనా కిందా ఒక్క అక్షరం కదల్చలేదు. నేను కూడా రెండేళ్ళు అలాంటి గదుల్లో పని చేసినవాణ్ణి. తెలియక కొట్టేస్తే అలా ఉండదు. తెలిసి చేసిన చెయ్యి అది.

ఇంకోటి కూడా ఉంది. గోల్కొండ రాజుల సమాధుల పేరాలో నేను రాయని వాక్యం ఒకటి కనిపించింది. "వెనకవైపు చివరి చిన్న సమాధికి తూర్పున మెట్లున్నాయి, మధ్యాహ్నం మూడు దాటితే అక్కడ నీడ, గైడ్లు అటు రారు, ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాళ్ళు ఉండరు." ఆ మెట్లు నాకు తెలియవు. రెండేళ్ళలో అటువైపు నేనెప్పుడూ వెళ్ళలేదు.

పన్నెండు గంటల బస్సుకి పర్చూరు వెళ్ళాను. ఆరాధన అప్పుడే అయింది. చర్చి ముందు చింతచెట్టు నీడలో జనం నిలబడి ఉన్నారు. అయ్యగారి చేతిలో పేపరుంది. మాస్టారు ఆయన పక్కనే, పాటల పుస్తకం గుండెకి ఆనించుకుని ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"రావయ్యా విలేకరీ, నీ గురించే అనుకుంటున్నాం" అన్నారు అయ్యగారు. "భలే రాశావయ్యా. గోల్కొండలో చప్పట్ల సంగతి వచ్చే వారం ప్రసంగంలో చెప్పాలనుకుంటున్నా. కింద మనం చేసే ప్రార్థన పైన వినపడుతుందని."

"తప్పకుండా చెప్పండి" అన్నాను.

"ఇదిగో, మా మాస్టారు ఒక్కసారి కూడా హైదరాబాదు చూడలేదంట. సిగ్గుచేటు కాదూ? మాస్టారూ, సెలవుల్లో వెళ్ళి చూసి రా. పెళ్ళయితే తీరికుండదు. ఈయన్ని కూడా తీసుకెళ్ళు, దారి తెలిసినవాడు."

మాస్టారు, "ఆలోచిస్తానండీ" అన్నాడు.

ఇద్దరం బడి వెనక్కి నడిచాం. బోరింగు దగ్గర ఆగాడు. జేబులోంచి మడతలు పడ్డ కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు. తెల్లదోమ. మార్జిన్లలో ఎర్ర సిరాతో గుర్తులున్నాయి.

"ఇదా నీ జవాబు?" అన్నాడు. "హైదరాబాదు గురించి రాయమంటే పత్తి గురించి రాస్తావా? మూడు రోజులు చదివానయ్యా దీన్ని. ఆకు వెనక గుడ్లు పెడుతుంది, పైకి కనపడదు, లోపల్లోపల పీల్చేస్తుంది అన్నావు. ఇది మన గురించే అనుకున్నా. రావొద్దంటున్నాడు, వస్తే మన బతుకు ఇట్టా అవుద్దంటున్నాడు అనుకుని ఏడుపొచ్చింది."

"మందు కొట్టినకొద్దీ పెరుగుతుందని కూడా రాశాగా."

"అదీ చదివా. అది మా అయ్యగారి గురించి అనుకున్నా."

నాకు నవ్వు ఆగలేదు. కవర్లు మారిన సంగతి చెప్పాను. ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత బోరింగు గట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"అంటే నువ్వు నాకు రాసింది జిల్లా అంతా చదివింది, నేను తప్ప" అన్నాడు.

"నువ్వు చదవలేదా?"

"అయ్యగారు పైకి చదివితే విన్నా. విన్నంతసేపూ, ఎవరికోసం రాశాడో గాని ఆ మనిషి అదృష్టవంతుడు అనుకున్నా."

కొట్టేసిన మూడు వాక్యాలూ ఆయనకి నోటితో చెప్పాను. ఆయన లేచి, బోరింగు కొట్టి మొహం కడుక్కున్నాడు.

"భయం వేస్తుంది" అన్నాడు. "కానీ ఇప్పుడు అడిగేవాళ్ళకి చెప్పడానికి ఒకటుంది. పేపర్లో చదివాం, చూడ్డానికి పోతున్నాం. అంతేగా?"

"అంతే."

"అయితే టిక్కెట్లు తీయి."

దసరా సెలవుల్లో గుంటూరులో పొద్దున బండెక్కాం. తాడేపల్లి దాటి కృష్ణ వంతెన మీదికి రాగానే పెట్టెలో ఆడవాళ్ళు నదికి దణ్ణం పెట్టారు. దణ్ణం పెట్టే అలవాటు లేకపోయినా మాస్టారు కూడా కిటికీలోంచి నదినే చూశాడు. ఆ వంతెన దాటి ఉత్తరానికి ఆయన అంతవరకూ వెళ్ళలేదు. ఆయన ఒళ్ళో పేపరు కత్తిరింపు, పక్కన అంచెలంచెలుగా రాసుకున్న పథకం ఉన్నాయి. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు.

లాడ్జిలో గుమాస్తా తల ఎత్తలేదు. అది చూసి మాస్టారు మెట్లెక్కుతూ నా వీపు మీద చిన్నగా కొట్టాడు, నువ్వు రాసింది నిజమేనన్నట్టు. చార్మినారులో ఆయన ముందు ఎక్కాడు. ఆయాసం వచ్చిన ప్రతి మలుపులో, "వెనకవాడు తొందరపెట్టకూడదు, పేపర్లో రాశారు" అనేవాడు. బజారులో చాలామంది మగవాళ్ళు చిటికెన వేళ్ళు కలుపుకుని నడుస్తున్నారు. మా గుంటూరు మిర్చి యార్డులో కూడా స్నేహితులు అలాగే నడుస్తారు, ఎవరికీ పట్టదు. మేము మాత్రం మూడేళ్ళలో ఎప్పుడూ నడవలేదు. అందరికీ మామూలైనది మాకు మామూలు కాదు కాబట్టి. గాజుల కొట్ల మధ్య ఎక్కడో ఆయన వేలు నా వేలికి తగిలింది. అలాగే ఉంచాడు. వీధి చివరిదాకా నేను ఒక్క కొట్టు కూడా చూడలేదు.

గోల్కొండలో ఆయన కింద ఉండి నన్ను పైకి పంపాడు. పాటల బృందంలో తాళం వేసే చేతులవి. పైన నిలబడితే మూడు చప్పట్లు, ఆగి మళ్ళీ మూడు, శుభ్రంగా వినపడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళకీ వినపడ్డాయి. అవి నాకోసమని వాళ్ళకి తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం సమాధులకి వెళ్ళాం. వెనకవైపు చివరి చిన్న సమాధి వెతికాం. తూర్పున మెట్లున్నాయి. మూడు దాటింది, నీడ ఉంది. ఆ మెట్ల మీద అప్పటికే ఇద్దరున్నారు. ఒకాయన మెడలో దర్జీ టేపు వేలాడుతోంది. రెండో ఆయనకి జుట్టు సగం నెరిసింది. మధ్యలో కాగితంలో బఠాణీలు. మేము దూరంగా ఆగిపోయాం. దర్జీ మమ్మల్ని ఒకసారి చూసి, ఏమీ అనకుండా పక్కకి జరిగాడు. రెండో ఆయన కూడా జరిగి, బఠాణీల పొట్లం మా వైపు తోశాడు.

నలుగురం సాయంత్రం దాకా కూర్చున్నాం. మాటలు తక్కువ. వాళ్ళ ఉర్దూ మాస్టారికి రాదు, మాస్టారి తెలుగు వాళ్ళకి అంతంతమాత్రం. ఎన్నాళ్ళ నుంచి కలిసి ఉంటున్నారని మాస్టారు నాచేత అడిగించాడు. ఆ నెరిసిన ఆయన వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, మధ్యలో వదిలేసి, దర్జీని చూపిస్తూ, "ఇతనికి జుట్టు ఒత్తుగా ఉన్నప్పటి నుంచి" అన్నాడు. దర్జీ అతని మోకాలి మీద ఒక్కటి వేశాడు. మాస్టారు అది చూశాడు. ఆయన చూడ్డానికి వచ్చింది అదే.

దిగొచ్చేటప్పుడు పథకం కాగితం తీసి మూడో రోజు ఎదురుగా పెన్సిలుతో టిక్కు పెట్టాడు.

పర్చూరు చేరగానే అయ్యగారి దగ్గరికి వెళ్ళి, తను పెళ్ళి చేసుకోనని, ఆ అమ్మాయికి వేరే సంబంధం చూడమని చెప్పాడు. కారణం అడిగితే, అబద్ధం చెప్పను, నిజం అడగొద్దు అన్నాడట. అయ్యగారు ప్రార్థన చేసి పంపించారు. మళ్ళీ అడగలేదు. మరుసటి వేసవిలో ఆ నర్సు పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. భోజనం బాగుంది. తెల్లదోమ వ్యాసం, హైదరాబాదు సంగతి పడ్డ తర్వాతి ఆదివారమే పడింది, మాస్టారు ఎర్ర సిరాతో దిద్దిన దిద్దుబాట్లతో సహా. బడి నుంచి రిటైరయ్యాక ఆయన ప్రత్తిపాడు వచ్చేశాడు. ఒకే ఇల్లు, రెండు గుమ్మాలు. పేపరు ముందు ఎవరు చదవాలన్నది తప్ప పెద్ద తగాదాల్లేవు.

హైదరాబాదు నుంచి రాగానే నేను విజయవాడ డెస్కుకి కూడా వెళ్ళాను. ఆదివారం పేజీ చూసే పెద్దాయన నన్ను చూడగానే, "ఏమయ్యా, తెల్లదోమ అని చెప్పి హైదరాబాదు పంపావేంటి?" అన్నారు.

"పొరపాటైందండీ. అది ఎవరు దిద్దారు?"

"ఏం, తప్పులొచ్చాయా?"

"లేదండీ. చాలా బాగా దిద్దారు."

"ఎవరో ఒకరు. శుక్రవారం మధ్యాహ్నం నలుగురుంటారు. ఎవరి చేతికొస్తే వాళ్ళు."

అసలు కాగితాలు అడిగాను. చిత్తు కాగితాలతో పాటు వెళ్ళిపోయాయన్నారు. నలుగురూ ఆ పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని పని చేసుకుంటున్నారు. నేను థాంక్సండీ అని కాస్త గట్టిగానే అన్నాను. ఒకాయన సిరా నింపుకుంటున్నారు. ఇద్దరు హెడ్డింగు గురించి వాదించుకుంటున్నారు. కిటికీ పక్కనున్నాయన చదువుతున్న కాగితం మీంచి కళ్ళు తిప్పలేదు.

ఆ నలుగురిలో ఇద్దరు పోయారు. ఒకాయన ఉద్యోగం మాని ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదు. నాలుగో ఆయన కిందటేడు గుంటూరులో కనిపిస్తే, మాస్టారు కత్తిరింపు చూపించి, తూర్పు మెట్ల వాక్యం మీద వేలు పెట్టి అడిగాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, తను ఆ శుక్రవారం సెలవులో ఉన్నానని చెప్పారు.